ఫోటో చూశాం, కింది వరుస చదివామా?

రాబర్ట్‌సన్‌పేట బస్టాండుకు దాపున ఒక టీ అంగడి. ఉదయం ఏడు గంటల వేళ. బల్ల మీద నాలుగు భాషల పత్రికలు పరచి ఉన్నాయి: కన్నడం, తమిళం, తెలుగు, ఉర్దూ. బంగారు గనుల పట్టణంలో ఇది వింత కాదు. ఒకే లైనులో పక్కపక్క ఇళ్లలో వేరువేరు నుడులు పలికిన ఊరది. మారికుప్పం వైపునుంచి వచ్చిన ఒక పెద్దాయన తెలుగు పత్రికను చేతిలోకి తీసుకొని, ఒక పేజీ దగ్గర ఆగాడు. ఆ పేజీలో సైనైడు దిబ్బ ఫోటో ఉన్నది. సాయంకాలపు ఎండలో మేలిమి రంగున మెరిసే దిబ్బ, దాని ముందు నల్లని నీడలా మూతపడిన గని చక్రం. పక్కన కూర్చున్న మనుమడివైపు పత్రికను తిప్పి, "ఇది మన దిబ్బే కదప్పా, ఏమని రాసుండారో చూడు" అన్నాడు. కాలేజీలో చదువుతున్న ఆ పిల్లవాడు ఫోటోను చూశాడు, దాని కింది అక్షరాలను చూశాడు. "నాకు తెలుగు చదివేకి రాదు తాతా" అన్నాడు. తాతకూ రాదు. ఇద్దరూ ఇంట్లో మాట్లాడుకొనేది తెలుగే. మరి కాసేపు ఆ ఫోటోను చూసి, పత్రికను మడిచి బల్ల మీద పెట్టారు.

ఎదురు బల్ల దగ్గర కూర్చొని ఇదంతా చూసిన మాకు ఆ నాటినుంచి ఒక ఆలోచన వదలలేదు. పత్రిక చేతికి వచ్చినప్పుడు ఎవరైనా మొదట చూసేది ఫోటోనే. తర్వాత శీర్షిక, ఆ తర్వాత ఫోటో కింది వరుస, ఓపిక ఉంటే వార్త. ఈ వరుసక్రమం పత్రికలవారికి బాగా తెలుసు. కనుకనే పేజీ కట్టేటప్పుడు ముందుగా ఫోటోకు చోటు చూస్తారు. కాని సరిహద్దు జిల్లాలలోని మన కుటుంబాలలో ఈ క్రమం మొదటి మెట్టు దగ్గరే తెగిపోతున్నది. తెలుగు మాట్లాడతాం, తెలుగు వింటాం, తెలుగు సినిమా చూస్తాం. తెలుగు పత్రికలో మాత్రం ఫోటో తప్ప మరేదీ మనది కాదు. అందుచేత, ఫోటో మనతో ఏమి చెబుతున్నదో, ఎలా చెబుతున్నదో, ఏమి చెప్పకుండా దాటవేస్తున్నదో తెలుసుకోవలసిన అవసరం మిగతా తెలుగువారికన్నా మనకే ఎక్కువ.

ఫోటో అంటే ఉన్నది ఉన్నట్టు చూపే అద్దమని చాలామంది నమ్మకం. మాటలో ఎత్తుగడ ఉంటుందని, కవి అలంకారాలతో మనసును లాగుతాడని, నాయకుడు ఉపన్యాసంతో ఒప్పిస్తాడని మనకు తెలుసు. ఫోటోకు కూడా అటువంటి ఎత్తుగడ ఉన్నదన్న సంగతి తొందరగా తట్టదు. ఫ్రెంచి విమర్శకుడు రోలాఁ బార్త్ 1961లో పత్రికా ఛాయాచిత్రం గురించి, 1964లో చిత్రంలోని అలంకార విద్య గురించి రెండు ప్రసిద్ధ వ్యాసాలు రాశాడు. ఆయన చెప్పినదానిలో మనకు పనికివచ్చే మాట ఒకటున్నది: బొమ్మకు అర్థాలు అనేకం, కింద రాసిన మాట లంగరులా దానిని ఒక అర్థం దగ్గర కట్టివేస్తుంది. లంగరు లేని పడవ గాలివాటున పోతుంది. టీ అంగడిలోని తాతా మనుమల ముందున్నది లంగరు అందని పడవే.

మన జిల్లా సంగతులనే తీసుకుందాం. కోలారు టమాట మార్కెట్టు ఆసియాలోనే పెద్దవాటిలో ఒకటి. ధర పడిపోయిన ప్రతిసారీ పత్రికలలో ఒకే ఫోటో వస్తుంది: రోడ్డు పక్కన పారబోసిన టమాటలు, వాటి నడుమ తలపట్టుకొని కూర్చున్న రైతు. ఫోటోగ్రాఫరు నేల మీదికి వంగి, వెడల్పాటి లెన్సుతో దగ్గరగా తీస్తే పది పెట్టెల టమాటలు ఎర్రటి సముద్రమవుతాయి. అదే మనిషి మిద్దె ఎక్కి తీస్తే అవి చిన్న కుప్పగా కనబడతాయి. దూరపు లెన్సు వాడితే ఎడంగా నిలబడిన ఇరవైమంది రైతులు ఒకరినొకరు తోసుకొనే గుంపుగా కనబడతారు. పక్కనే నవ్వుతూ నిలబడిన కమీషను ఏజెంటును అంచులో కత్తిరిస్తే విషాదం చిక్కబడుతుంది. ఉంచితే కథ మరోవైపు తిరుగుతుంది. 2023 జూలైలో 15 కిలోల పెట్టె ధర రెండు వేల రూపాయలు దాటినప్పుడు ఇదే మార్కెట్టునుంచి వేరే ఫోటోలు వచ్చాయి: ఎత్తుగా పేర్చిన పెట్టెలు, నోట్లు లెక్కపెట్టే చేతులు. రెండు రకాల ఫోటోలూ నిజాలే. ఆ రెండింటికీ మధ్య ఏడాది పొడవునా పెట్టుబడికీ రాబడికీ పొంతన కుదరక నలిగే రైతు బతుకు మాత్రం ఫోటోకు అందదు. అందులో కంటిని లాగేది ఏదీ లేదు కనుక.

చెరువు సంగతీ అంతే. కోలారు ఫోటో అనగానే దశాబ్దాలపాటు పత్రికలు ఎంచుకొన్నది నెర్రెలిచ్చిన చెరువు నేలను, బిందె పట్టుకొన్న ఆడమనిషిని. 2018 జూన్‌లో బెంగళూరు మురుగునీటిని శుద్ధి చేసి కె.సి. వ్యాలీ పథకం ద్వారా లక్ష్మీసాగర చెరువుకు చేర్చారు. అప్పుడు చెరువులోకి దూకే నీటి ఫోటోలు వచ్చాయి. మరుసటి నెలలోనే అదే నీటి మీద తెల్లటి నురగ ఫోటోలు వచ్చాయి. హైకోర్టు కొంతకాలం నీటిని ఆపించింది. నీరు చూసి మురిసిన ఫోటో పథకానికి సాక్ష్యం చెప్పింది, నురగ ఫోటో దానికి ఎదురు సాక్ష్యం చెప్పింది. నీటిని ఎన్ని దశల్లో శుద్ధి చేస్తున్నారు, భూమిలోకి ఇంకినది బోర్లలోకి ఏ స్థితిలో వస్తున్నది అన్న అసలు ప్రశ్నకు ఏ ఫోటో దగ్గరా జవాబు లేదు. అది ప్రయోగశాల కాగితాలలో ఉంటుంది. కాగితాన్ని ఫోటో తీస్తే ఎవరూ చూడరు.

ఈ విద్య కొత్తది కాదు. పెద్దలు ధాత కరువని చెప్పుకొనే 1876-78 నాటి మహాక్షామంలో రాయలసీమ, మైసూరు ప్రాంతాలు ఎముకల గూళ్లయ్యాయి. 1871లో 50 లక్షలకు పైబడి ఉన్న మైసూరు సంస్థాన జనాభా 1881 నాటికి 42 లక్షలకు పడిపోయింది. అప్పుడు మద్రాసు సైన్యంలో అధికారిగా ఉన్న విల్లోబీ వాలెస్ హూపర్ ఆకలితో చివికిన మనుషుల ఫోటోలు తీశాడు. వాటిని చూస్తే ఒక విషయం కొట్టొచ్చినట్టు కనబడుతుంది. మనుషులను వరుసగా కూర్చోబెట్టి, నిలబెట్టి, స్టూడియోలో కుటుంబ చిత్రం తీసినట్టు అమర్చాడు. డొక్కలు, మోకాళ్లు, చేతుల ఎముకలు స్పష్టంగా కనబడేలా అమర్చాడు. ఆనాడు పత్రికలలో ఫోటోను నేరుగా అచ్చువేసే సాధనం లేదు. క్షామదృశ్యాలు చెక్కుడు బొమ్మలుగా లండను పత్రికలకు ఎక్కేవి. ఇంగ్లండులో క్షామనిధికి చందాలు పోగయ్యాయి. నిధివల్ల కొన్ని ప్రాణాలు నిలిచాయి, కాదనలేము. కాని ఆ ఫోటోలలోని మనుషులలో ఒక్కరి పేరు మనకు తెలియదు. ఏ ఊరు, ఏ ఇల్లు, ఏ నుడి మాట్లాడేవారు, ఫోటో తీసిన మరునాడు బతికి ఉన్నారా, ఏదీ తెలియదు. ధాన్యం రైళ్లలో ఎటు తరలిపోయిందో చెప్పే ఫోటో ఆ వరుసలో లేదు. ఇదే హూపర్ తర్వాతి కాలంలో బర్మాలో, తుపాకులు పేల్చి మరణశిక్ష అమలు చేసే క్షణాన్ని ఫోటో తీయబోయి లండనులో పెద్ద దుమారానికి కారకుడయ్యాడు. పక్కవాడి చావు కూడా మంచి ఫోటో కోసం కాచుకొని ఉండదగిన క్షణంగా కనబడే జబ్బు కెమెరాతోపాటే పుట్టినట్టున్నది.

కరువు తగ్గిన రెండేళ్లకే, 1880లో, జాన్ టేలర్ సంస్థ కోలారు గనులను చేపట్టింది. 1902లో శివనసముద్రంనుంచి గనులకు కరెంటు వచ్చింది. దేశంలోని అనేక నగరాలు ఇంకా చీకటిలో ఉన్న రోజులవి. కంపెనీ కాలపు ఫోటోలు ఇప్పటికీ పుస్తకాలలో, క్లబ్బు గోడల మీద కనబడతాయి. కుర్చీలలో దొరలు, వారి వెనుక గుమాస్తాలు, అంచులలో నేలమీద కూలీలు. కూర్చున్నవారి పేర్లు కింద వరుసగా ఉంటాయి. నేలమీద ఉన్నవారికి కలిపి ఒకే మాట: కూలీలు. చిత్తూరునుంచి, ఉత్తర ఆర్కాడునుంచి, చుట్టుపక్కల కోలారు పల్లెలనుంచి వచ్చిన మన ముత్తాతలు ఆ ఒక్క మాటలో ఉన్నారు. 3,000 మీటర్లకు మించిన లోతుకు దిగినవారు, రాళ్లు పేలి గని కూలినప్పుడు పైకి రానివారు, 120 ఏళ్లలో 800 టన్నుల దాకా బంగారం తీసినవారు. ఫోటోలో చోటు దొరికింది, కింది వరుసలో దొరకలేదు.

ఇదంతా చదివి, ఫోటో మోసకారి అని మేము తీర్పు ఇస్తున్నామని పాఠకులు అనుకోవద్దు. ఇదే ఊరిలో, ఇదే లైన్లలో, తెలుగు ఇంటిలో పుట్టిన ఒక మనిషి ఫోటోతో ఏమి చేశాడో చెప్పకుండా ఈ మాట పూర్తికాదు.

బెజవాడ విల్సన్ 1966లో కె.జి.ఎఫ్.లో ఒక దళిత కుటుంబంలో పుట్టారు. ఆయన తండ్రి గనుల టౌన్‌షిప్‌లో పాయిఖానాలు ఎత్తే పని చేసేవారు. శివనసముద్రంనుంచి కరెంటు తెచ్చిన కంపెనీ, నేల లోతుల్లోకి చల్లటి గాలి పంపగలిగిన కంపెనీ, కార్మికుల లైన్లలో నీళ్ల మరుగుదొడ్లు కట్టలేదు. గనులు ప్రభుత్వం చేతికి వచ్చిన తర్వాత కూడా అవి రాలేదు. పొడి పాయిఖానాలు, వాటిని చేతులతో ఎత్తే మనుషులు, తరాలు మారినా అలాగే ఉండిపోయారు. ఎత్తేది ఎవరో చిన్ననాడు తల్లిదండ్రులు ఆయనకు తెలియనివ్వలేదు. పెరిగి పెద్దవాడై, ఆ గుంతల దగ్గరకు పోయి కళ్లారా చూసిన రోజున ఆయన కూలబడి ఏడ్చారని ఆయనే చాలా సందర్భాల్లో చెప్పారు.

ఆయన మొదట చేసినది ఉత్తరాలు రాయడం. ఉత్తరానికి ఉత్తరంతో జవాబు చెప్పవచ్చు. పరిశీలిస్తున్నామని రాసి మరో ఏడాది గడపవచ్చు. 1993లో పార్లమెంటు పొడి పాయిఖానాల నిర్మాణాన్ని, మనుషులచేత మలం ఎత్తించడాన్ని నిషేధిస్తూ చట్టం చేసింది. చట్టం వచ్చినా కె.జి.ఎఫ్.లో ఏమీ మారలేదు. అప్పుడాయన కెమెరా పట్టుకొన్నారు. పాయిఖానాలను, ఎత్తేవారిని ఫోటోలు తీసి, చట్టం ప్రతిని జతచేసి గనుల యాజమాన్యానికి పంపారు. మార్చకపోతే కోర్టుకు ఎక్కుతానన్నారు. ఆ ఫోటోలు కథనంతోపాటు పత్రికకు ఎక్కి దేశం దృష్టిలో పడ్డాయి. యాజమాన్యం దిగివచ్చింది. పాయిఖానాలను నీళ్ల మరుగుదొడ్లుగా మార్చడానికి, ఆ పనివారిని వేరే పనులలో పెట్టడానికి ఒప్పుకొన్నది. దశాబ్దాలుగా కదలనిది కొన్ని ఫోటోలతో కదిలింది.

ఎందుకు కదిలింది? ఇది తీరికగా ఆలోచించదగిన సంగతి. హూపర్ ఫోటోలో ఆకలి కనబడుతుంది, దానికి బాధ్యుడు కనబడడు. చూసినవాడు అయ్యో అని చందా వేస్తాడు, అక్కడితో సరి. విల్సన్ ఫోటోలో పాయిఖానా కనబడుతుంది. దానికి కట్టించినవాడున్నాడు, నడిపించేవాడున్నాడు, దానిని నిషేధించిన చట్టమున్నది. ఫోటో పక్కన చట్టం ప్రతి పెట్టడంతో దాని అర్థం దయవైపు జారిపోకుండా హక్కు దగ్గర లంగరు వేసుకొన్నది. ఇంకో తేడా కూడా ఉన్నది. హూపర్ గుర్రం దిగి వచ్చి ఫోటో తీసి వెళ్లినవాడు. విల్సన్ ఆ ఇంటి బిడ్డ. ఆ ఫోటోలలో ఉన్నవారు ఆయనకు అత్తలు, పిన్నులు, అన్నలు. తమవాడు తీస్తుంటే కెమెరా ముందు నిలబడడానికీ, బయటివాడు తీస్తుంటే నిలబడడానికీ తేడా ఉంటుందా అని అడిగేవారు పల్లెటూరి పెళ్లి ఫోటోలు చూడవచ్చు.

1990ల మధ్యకాలంలో ఎస్.ఆర్. శంకరన్, పాల్ దివాకర్ వంటివారి తోడ్పాటుతో సఫాయి కర్మచారి ఆందోళన రూపుదిద్దుకొన్నది. ఆ సంస్థ 2003లో సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2013లో కొత్త చట్టం వచ్చింది. 2014 మార్చి 27న తీర్పు వచ్చింది. మురుగు కాలువలలో చనిపోయినవారి కుటుంబాలకు పది లక్షల రూపాయలు ఇవ్వాలని కోర్టు చెప్పింది, 2023లో దానిని ముప్పై లక్షలు చేసింది. 2016లో విల్సన్‌కు మెగసెసె పురస్కారం వచ్చింది. చావులు ఆగాయని చెప్పగలిగితే ఎంత బాగుండేది. ఆగలేదు. అయినా కోలారు గనుల లైన్లనుంచి బయలుదేరిన కొన్ని ఫోటోలు ఎంత దూరం నడిచాయో మన పిల్లలకు చెప్పుకోవాలి. కె.జి.ఎఫ్. అనగానే మన పిల్లలకు ఇప్పుడు గుర్తుకు వస్తున్నది మరొకటి కనుక.

2018 డిసెంబరులో, 2022 ఏప్రిల్‌లో విడుదలైన కె.జి.ఎఫ్. సినిమాలు ఈ ఊరి పేరును దేశమంతా మోగించాయి. కొంత చిత్రీకరణ మన సైనైడు దిబ్బల మీదనే జరిగింది. సినిమాలోని నరాచి గని కల్పితం, దాని చరిత్ర కల్పితం. దర్శకుడు కాదనలేదు, మేమూ తప్పు పట్టడం లేదు. సినిమా సినిమాయే. మా అభ్యంతరం ఆ తర్వాత పత్రికలలో వచ్చిన ఫోటోల మీద. ఊరిని సినిమా కంటితో చూడడం మొదలైంది. మసి రంగు, ధూళి తెర, ఎదురు వెలుగులో నల్లని చక్రం, దిబ్బ అంచున ఒంటరి మనిషి. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడిన తర్వాత ఇక్కడినుంచి తెల్లవారుజామున రైలెక్కి బెంగళూరుకు పనికిపోయి రాత్రికి తిరిగివచ్చే వేలాదిమంది ఆ ఫోటోలలో లేరు. అందంగా మెరిసే ఆ దిబ్బలు మూడు కోట్ల టన్నులకు మించిన గని వ్యర్థం. గాలి లేచినప్పుడు ఆ పొడి ఎవరి ఇళ్లలోకి, ఎవరి ఊపిరిలోకి పోతున్నదో దిబ్బ పక్క వీధివారిని అడగాలి. సాయంకాలపు ఎండ ఆ పొడినే బంగారం చేస్తున్నది.

ఇక్కడ మా తప్పు కూడా చెప్పుకోవాలి. కొన్నేళ్ల కిందట మా పత్రిక ముఖచిత్రంగా అటువంటి ఫోటోనే వేశాం. బాగున్నదని అందరూ మెచ్చుకొన్నారు. ఛాంపియన్ రీఫ్స్‌నుంచి ఒక తల్లి మాత్రం ఫోను చేసి, "మా ఇల్లు ఆ దిబ్బ వెనకాలే ఉండేది, మీరు ఇవతల నిలబడి తీసినారు" అన్నది. అంతకు మించి ఏమీ అనలేదు.

కంటికి కనబడనిది ఫోటోకు దొరకదు. హక్కుల ఉద్యమాలకు ఇది పెద్ద చిక్కు. 2020 డిసెంబరు 12న నరసాపురలో ఐఫోన్లు తయారుచేసే విస్ట్రాన్ కర్మాగారంలో కార్మికులు తిరగబడ్డారు. పగిలిన అద్దాలు, తలకిందులైన వాహనాలు ప్రపంచమంతా చూసింది. సరిగా అందని జీతం, లెక్కకు రాని అదనపు గంటలు అంతకు ముందు ఏ ఫోటోలోనూ లేవు, ఉండడానికి వీలూ లేదు. జీతాలు సక్రమంగా అందలేదని ఆ కంపెనీయే తర్వాత ఒప్పుకొని కార్మికులకు క్షమాపణ చెప్పింది. ఆపిల్ సంస్థ దానిని కొంతకాలం పరిశీలనలో పెట్టింది. ఒప్పుకోలుకు ఫోటో లేదు కనుక గుర్తున్నవారు తక్కువ. అద్దాలు అందరికీ గుర్తున్నాయి.

మన భాష సంగతి సరిగ్గా ఇటువంటిదే. 1956లో చేసిన ఏడవ సవరణతో రాజ్యాంగంలోకి వచ్చిన 350ఎ అధికరణం, అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో తల్లినుడిలో చదువు చెప్పే సదుపాయాలు కల్పించమంటుంది. కోలారు జిల్లాలో తెలుగు మాట్లాడేవారు ఎంతమందో జనగణన పుస్తకాలలో ఉన్నది. పాత మైసూరు రాష్ట్రంలో ఉన్నప్పుడూ అంతే, 1973లో కర్ణాటకమన్న పేరు వచ్చిన తర్వాతా అంతే, ఇక్కడి పల్లెలలో సగానికి సగం పొయ్యి దగ్గరి మాట తెలుగే. అయినా తెలుగు చెప్పే పంతులు లేని బడిని ఫోటో తీయండి చూద్దాం. ఏమి కనబడుతుంది? బడి ఉంటుంది, పిల్లలుంటారు, నల్లబల్ల మీద కన్నడ అక్షరాలుంటాయి. అన్నీ సవ్యంగా ఉన్నట్టే ఉంటుంది. కన్నడం నేర్చుకోవడం మన పిల్లలకు అవసరం, గౌరవం కూడా. దానితో మనకు తగవు లేదు. కాని ఆ ఫోటోలో లేని దానిని ఎలా చూపడం? కూలిన బడి గోడను చూపితే ప్రభుత్వం గోడ కడుతుంది. నియమించని పంతులును చూపడానికి కెమెరాకు చేతకాదు. అది మాటతోనే చెప్పాలి. ఆ మాటను చదవగలిగినవారు ఇంటింటా ఉండాలి.

1989లో ఈనాడు జిల్లా పేజీలను మొదలుపెట్టిన తర్వాత తెలుగు పత్రికల తీరు మారింది. అంతకుముందు రాష్ట్ర రాజధాని నాయకుల ముఖాలే ఉండే చోట మండల కేంద్రపు సంత, పక్క ఊరి బోరింగు, మన వీధి గుంత కనబడసాగాయి. తన ఫోటో ఉన్నదని పత్రిక కొన్నవారు, కొనడంవల్ల చదవడం అలవాటైనవారు లెక్కలేనంతమంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడినప్పుడు, చీపుర్లు పట్టి నిలబడిన పల్లెటూరి స్త్రీల ఫోటోలు ఊరినుంచి ఊరికి ఉద్యమాన్ని మోసుకుపోయాయి. వాటిలోనూ ఎత్తుగడ ఉన్నది. కిందినుంచి పైకి చూసి తీసిన ఫోటోలో మామూలు గృహిణి కూడా కొండంత కనబడుతుంది. ఆ ఎత్తుగడను మేము తప్పుపట్టము. ఆమె నిజంగానే అంత ఎత్తున నిలబడింది.

ఊళ్లో ఫోటో తీసే కుర్రవాడి మీద కూడా మాకు కోపం లేదు. నెల జీతం లేదు, అచ్చయిన ఫోటోకు ఇంత అని లెక్క. డెస్కులో కూర్చొన్నవారికి ఏ ఫోటో పడుతుందో అతనికి అనుభవంమీద తెలుసు. బిందెల వరుసను కాస్త సర్దుతాడు, ముసలమ్మను కొంచెం దిగులుగా చూడమంటాడు. ఆమె అప్పటిదాకా నవ్వుతూ మాట్లాడుతూనే ఉంటుంది.

1936లో అమెరికాలో డొరొతియా లాంజ్ తీసిన వలస కూలీ తల్లి ఫోటో ప్రపంచ ప్రసిద్ధం. కాలిఫోర్నియాలో బఠాణీ తోటల దగ్గర ఒక గుడారంలో ఇద్దరు పిల్లలు భుజాల మీద తల దాచుకోగా, గడ్డం దగ్గర చేయి పెట్టుకొని దూరంగా చూస్తున్న తల్లి. అది పత్రికలో వచ్చిన తర్వాత ఆ శిబిరానికి ఆహారం చేరింది. అప్పటికే ఆ తల్లి పిల్లలతో అక్కడినుంచి వెళ్లిపోయింది. ఆమె పేరు ఫ్లారెన్స్ ఓవెన్స్ థామ్సన్ అని లోకానికి తెలిసింది 1978లో. తన పేరు అడగలేదని, తన గురించి రాసినదాంట్లో తప్పులున్నాయని, దానివల్ల తనకు పైసా రాలేదని ఆమె నొచ్చుకొన్నది. ఫోటో గొప్పది కాదని ఎవరూ అనలేరు. నలభై ఏళ్లు ఆమె పేరులేని మనిషిగా గోడల మీద వేలాడిందన్నదీ అంతే నిజం.

ఇప్పుడు ప్రతి చేతిలో కెమెరా ఉన్నది. ఎక్కడో తీసిన ఫోటోకు మన ఊరి పేరు తగిలించి ఫోనులో పంపుతున్నారు. అసలు తీయనే తీయని, యంత్రం కల్పించిన ఫోటోలు కూడా వస్తున్నాయి. సరిహద్దు ప్రాంతంలో ఇది ఆటకాదు. ఒక బోర్డు మీద రంగు పూసిన ఫోటో, ఎక్కడిదో, ఎప్పటిదో తెలియనిది, ఒక్క సాయంకాలంలో కన్నడిగులకూ తెలుగువారికీ మధ్య నిప్పు పెట్టగలదు. మన ఇళ్లలో పిల్లలు కన్నడం చదవగలరు, కనుక ఆ వైపు మాటను సరిచూసుకోగలరు. తెలుగు రాత చదవలేరు, కనుక ఈ వైపు మాటను వినికిడి మీద నమ్ముతారు. సగం చూపుతో తగవులోకి దిగడం ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కరలేదు.

కాబట్టి రెండు పనులు తలపెట్టాం. మొదటిది, వచ్చే నెలనుంచి ఈ పత్రికలో వచ్చే ప్రతి ఫోటో కింది వరుసను తెలుగు లిపిలో పెద్ద అక్షరాలతో, అదే తెలుగు మాటను కన్నడ లిపిలో చిన్న అక్షరాలతో వేస్తాం. రెండు లిపులకూ పోలిక దగ్గరిది. కన్నడం చదవగలిగిన పిల్లవాడు పక్కపక్కన చూసుకొంటూ పోతే తెలుగు అక్షరం పట్టుబడడానికి ఎక్కువ రోజులు పట్టదు. తాతలూ అవ్వలూ పక్కన కూర్చొని మాట సరిదిద్దితే చాలు. ఫోటోలో ఉన్నవారి పేరు, ఊరు, తీసినవారి పేరు, తీసిన తేదీ తప్పకుండా ఉంటాయి. పేరు వేయవద్దని వారు కోరితే, అలా కోరారని వేస్తాం.

రెండవది మీరు చేయవలసినది. కె.జి.ఎఫ్. లైన్లలో, బంగారుపేట, ముళబాగిలు, శ్రీనివాసపురం, మాలూరు పల్లెలలో మన పెట్టెల అడుగున పాత ఫోటోలున్నాయి. గని హెల్మెటు పెట్టుకొన్న తాత, రాబర్ట్‌సన్‌పేట స్టూడియోలో కాగితపు పూలకుండీ పక్కన నిలబడిన అవ్వ, షాఫ్టు దగ్గర జట్టుగా తీయించుకొన్నవి. ఆ ముఖాల పేర్లు తెలిసినవారు ఏడాదికేడాది తగ్గిపోతున్నారు. గనులు మూతపడిననాడు నలభై ఏళ్లున్నవారు ఇప్పుడు అరవై దాటిపోయారు. ఫోటోలను మాకు పంపవద్దు, దారిలో పోతాయి. ఫోనుతో రెండు వైపులా ఫోటో తీసి పంపండి. అంతకుముందు, వెనకవైపు మెత్తటి పెన్సిలుతో, పెన్నుతో కాదు, అది ముందువైపుకు ఊరుతుంది, ఎడమనుంచి కుడికి వరుసగా పేర్లు రాయించండి. ఏ లైను, ఏ షాఫ్టు, ఏ షిఫ్టు, వచ్చిన ఊరు ఏది, ఇంట్లో ఏమని పిలిచేవారు. పేరు తెలియనిచోట ఖాళీ వదలండి, పక్కింటివారిని అడగండి. పెద్దలు చెబుతూ ఉంటే పిల్లలచేత రాయించండి. తెలుగు రాయడం రాకపోతే ఈసారికి కన్నడ లిపిలో రాసినా సరే.